ఆమెన్ లేని గురువారాలు

మెదక్ మిషను దవాఖాన కంపౌండరు దావీదు కుర్చీలో నిద్రపోయేవాడు. డ్యూటీ మీద కునికే రకం అనుకునేరు, అదేం కాదు. డ్యూటీలో ఆయన రెప్ప వాల్చగా చూసినవాళ్ళు లేరు. ఇది ఇంటి సంగతి. రాత్రి అన్నం తిని, ప్రార్థన చేసుకుని, వరండాలో చేతుల కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుంటే మళ్ళీ తెల్లవారి లేవడమే. ఇంట్లో మంచం లేక కాదు. సౌభాగ్యమ్మ పుట్టింటివాళ్ళు పెళ్ళికి ఇచ్చిన నవారు మంచం, టేకు కోళ్ళది, నిక్షేపంలా ఉంది. బర్మా యుద్ధానికి పోయి 1946లో తిరిగొచ్చిన నాటి నుంచి దావీదు దాని మీద నడుం వాల్చలేదు.

ఎందుకని అడిగితే, "దమ్ము ఉన్నది. పండుకుంటె ఊపిరాడది," అనేవాడు. ఉబ్బసం అన్నమాట. దవాఖాన మనిషే అలా చెప్పాక కాదనేదెవరు? ఒక్క సౌభాగ్యమ్మ మాత్రం భర్త మాట ఏనాడూ నమ్మలేదు. ఏటా ఈస్టరు మర్నాడు చర్చివాళ్ళంతా వంట సామాన్లు ఎత్తుకుని ఖిల్లా గుట్ట మీదికి పోయేవాళ్ళు. వయసు కుర్రాళ్ళు సగం దారిలో రాళ్ళ మీద కూలబడితే, దావీదు భుజాన నీళ్ళ బిందెతో అందరికంటే ముందు పైకి చేరేవాడు.

"దమ్మంట దమ్ము! ఖిల్లా ఎక్కితె రాని దమ్ము మంచమెక్కితె వస్తదా?" అనేది సౌభాగ్యమ్మ.

దావీదు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. అవి మురికిగా ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్నకు ఆయన జవాబు అదే.

ఈ కథ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎలిశిబాది. నాన్న యుద్ధం నుంచి వచ్చేసరికి ఆమెకు పదేళ్ళు. మిషను బడిలో చదివి, హైదరాబాదులో బి.ఏ., ఎం.ఏ. చేసి, 1960లో బెంగుళూరు పోయింది. అక్కడ పిచ్చాసుపత్రిలో మనస్తత్వ శాస్త్రం నేర్పుతారనీ, మందూ సూదీ లేకుండా మాటలతో మనిషిని బాగుచేసే విద్య అదనీ ఇంట్లో చెప్పింది. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వచ్చిన ఒకాయన 'పిచ్చోళ్ళ చదువు' అని తెలిసి చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు. ఎలిశిబా ఆ చాయ్ తనే తాగేసింది. ఆమెకు పెళ్ళి మీద పెద్ద బెంగ ఉండేది కాదు, ఆ తర్వాతా లేదు.

బస్సెక్కేటప్పుడు సౌభాగ్యమ్మ కూతురి చేతిలో సకినాల డబ్బా పెట్టి ఒక్కటే మాట చెప్పింది.

"నువ్వేం చదువుతవో నాకెరక లేదు బిడ్డా. ఏమన్న జేసి మీ నాయినను మంచమెక్కియ్యి. నీ చదువుకు నేనడిగే ఫీజు గదే."

ఎలిశిబా నవ్వింది. మంచానికీ తన చదువుకూ ఏం సంబంధమో అప్పటికి ఆమెకు తట్టలేదు.

మెదక్ క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. గండం గడిచి ఎవరు ఇంటికి చేరినా, టైఫాయిడ్ తగ్గినా, బావిలో పడి బతికి బయటపడినా, ఆఖరికి మెట్రిక్ మూడోసారికి గట్టెక్కినా, కృతజ్ఞత కూడిక పెడతారు. చాపలు పరిచి చుట్టాలనీ ఇరుగుపొరుగునీ కూర్చోబెడతారు. పాటలయ్యాక గండం గడిచిన మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏం జరిగిందో మొదలుపెట్టి, చివరికి 'దేవుడు నన్ను కాపాడిండు' అనే దగ్గరికి రావాలి. ఆ మాట రాగానే అందరూ ఆమెన్ అంటారు, ముసలమ్మలు హల్లెలూయా అంటారు, పొయ్యి మీది బగారన్నం గిన్నె మూత తీస్తారు.

దావీదు సాక్ష్యం మెదక్‌లో పేరు మోసిన సాక్ష్యం. బర్మా సరిహద్దులో డేరాల దవాఖాన. రెండు రోజులుగా గాయపడ్డవాళ్ళు వస్తూనే ఉన్నారు. అక్కడ ఆయన గొంతు కొంచెం పెంచేవాడు.

"నిలవడి నిలవడి కాళ్ళు మొద్దువారినయ్. ప్రభువా, జర నిద్ర ఇయ్యి అన్న. నిద్ర వచ్చింది. డేరా ఎనుకకు పోయి పండుకున్న. గప్పుడే బాంబు పడ్డది. యాడ పడ్డది? నేను నిలవడే జాగల పడ్డది! నిద్ర ఇచ్చి దేవుడు నన్ను కాపాడిండు."

ఆమెన్. హల్లెలూయా. ఎవరింట్లో కూడిక జరిగినా, "కంపౌండరు సాబ్, మీ సాక్ష్యం గూడ ఒకసారి చెప్పుండ్రి," అనేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. ఎలిశిబాకు చిన్నప్పటి నుంచీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చు. నాన్న చెబుతుంటే పెదాలు కదుపుతూ కూర్చునేది. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ చెయ్యెత్తుతాడో కూడా ఆమెకు తెలుసు.

బెంగుళూరులో పరిశోధనకు అంశం ఎంచుకోమంటే ఆమె వెతుక్కోనక్కర లేకపోయింది. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళ మనసుకు తగిలిన గాయం ఎలా మానుతుంది? సెలవులకు వచ్చినప్పుడల్లా మెదక్, చేగుంట, శంకరంపేటల్లో పాత సిపాయిలను కలిసి వాళ్ళ సాక్ష్యాలు రాసుకుంది. మొదటి సాక్ష్యం నాన్నదే. పేరు రాయకుండా 'ద' అని పెట్టింది. చివరికి ఆమె తేల్చినది ఇది: సాక్ష్యం చెప్పే ఆచారం ఉన్నచోట సిపాయి తన భయాన్ని పదిమందిలో మాటల్లో పెడతాడు కాబట్టి గాయం తొందరగా మానుతుంది, ఇందుకు 'ద' మంచి ఉదాహరణ. ప్రొఫెసరు ఎర్ర సిరాతో 'చాలా బాగుంది' అని రాశాడు.

1962లో ఇంటికి వచ్చి ఆ పరిశోధన పుస్తకాన్ని తల్లికి తెలుగులో విడమరిచి చెప్పింది. సౌభాగ్యమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విన్నది.

"గంత మంచిగైనోడు మంచమెందుకు ఎక్కుతలేడు?"

"అది దమ్మమ్మా. ఒంటిది. మనసుది కాదు."

"ఓహో," అని సౌభాగ్యమ్మ చేట తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ 'ఓహో' ఎలిశిబాకు నాలుగేళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

దవాఖానలో ఆమెకు గుడ్డల గది ఇచ్చారు. ఇదివరకు కట్లకు గుడ్డలు చింపి మడతలు పెట్టే గది. ఆ పని చేసే వెడల్పాటి పాత బల్ల ఇంకా గోడవార ఉండేది. పక్కది నాన్న మందులు కలిపే గది. రెంటికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ. కోడళ్ళకు పట్టిన దయ్యాలు, పరీక్ష అనగానే కళ్ళు కనపడని పిల్లలు, పెళ్ళిచూపులప్పుడే నత్తి వచ్చే పెళ్ళికొడుకులు, ఇలాంటివన్నీ ఆ గదికి వచ్చేవి. ఎలిశిబా గంటసేపు ఓపికగా మాట్లాడేది. వాళ్ళు బయటికి వస్తూ గొణిగేవాళ్ళు: "మందియ్యకుండ మాటలతోనె ఎల్లగొట్టె." అందుకని దావీదు కిటికీలోంచి ఒక్కొక్కరికీ ఎర్రరంగు వేసిన పుదీనా నీళ్ళు ఒక మోతాదు పోసి ఇచ్చేవాడు. ఎలిశిబా ఇది మోసం అని పోట్లాడింది.

"కడుపు నిమ్మళమైతది బిడ్డా. పుదీనా ఎవలికి చెడుపు జెయ్యది," అన్నాడు ఆయన. జనం మాత్రం మాటల డాక్టరమ్మ మందు మస్తుగ పనిచేస్తదని చెప్పుకున్నారు. ఎలిశిబా ఉడుక్కుంది గానీ పేషెంట్లు పెరిగారు.

మోషే 1966 జనవరిలో వచ్చాడు. పంజాబు వైపు పోరులో మిలిటరీ లారీ నడిపినవాడు. ఒక చెవి దెబ్బతిని వినపడకపోవడంతో ఇంటికి పంపేశారు. చేగుంట రోడ్డులో లారీల షెడ్డులో పనికి కుదిరాడు. మనిషి బాగానే ఉన్నాడు, అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఇల్లంతా తిరుగుతున్నాడని భార్య యేసమ్మ వచ్చి ఎలిశిబాకు చెప్పింది.

ఎలిశిబాకు సంతోషం ఆగలేదు. తన పుస్తకంలో రాసినదానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? "కృతజ్ఞత కూడిక పెట్టుండ్రి. సాక్ష్యం చెప్పనీ. మనసు మీది బరువంతా దిగిపోతది," అంది.

కూడిక పెట్టారు. మోషే లేచి చెప్పాడు. పది లారీలు వరసగా పోతున్నాయి. ముందు లారీ మీద గుండు పడింది. వెనక లారీ తనది. నిప్పులోంచి బండి దాటించాడు. దేవుడు నన్ను కాపాడిండు. ఆమెన్ అన్న కేకకు పైన రేకులు అదిరాయి. వెనక వరసలో కూర్చున్న ఎలిశిబా గర్వంగా నోటుపుస్తకంలో తేదీ వేసుకుంది.

కొత్త యుద్ధం, కొత్త సాక్ష్యం. చుట్టుపక్కల సంఘాలన్నీ మోషేను పిలిచాయి. ఒక ఆదివారం శంకరంపేట, ఒక ఆదివారం చేగుంట, మధ్యలో పల్లెలు. దండలు వేశారు. ఎలిశిబా దగ్గరుండి పంపించింది. ఎన్నిసార్లు చెబితే అంత మంచిదని ఆమె లెక్క. ఎనిమిది వారాలు గడిచేసరికి మోషే మాట్లాడడం మానేశాడు. సాక్ష్యమే కాదు, ఉప్పు అందియ్యమని కూడా అడగడం లేదు.

యేసమ్మ దవాఖానకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బరువు దిగుతదంటివి గదక్కా. బరువు దిగలే, మాట దిగిపోయింది. మా అన్న ఎర్రగడ్డ దవాఖానకు తోల్కపోతనంటుండు. ఈస్టరు దాంక సూస్తడట."

ఎలిశిబాకు బెంగుళూరులో ఎన్నో నేర్పారు గానీ, తన చేత్తో చెడగొట్టిన మనిషి భార్య ఎదురుగా నిలబడితే ఏమనాలో నేర్పలేదు. "తప్పు నాదే యేసమ్మా," అంది. యేసమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఎలిశిబా లారీల షెడ్డుకు పోయి, మోషే పనిచేస్తున్న లారీ పక్కన టైరు మీద కూర్చునేది. అతను బండి కింద ఉండేవాడు. ఆమె ఏమీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదన్నది నిజం. షెడ్డు ఎదురుగా చాయ్ హోటలు నడిపే జాఫర్ ఆమెకు రోజూ ఒక చాయ్ తెచ్చి ఇచ్చేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. నిజాం ఫౌజులో ఉండి, సింగపూరులో జపానువాళ్ళకు పట్టుబడి మూడేళ్ళు ఖైదులో గడిపి వచ్చాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"మరి నాకెప్పుడు చెప్పలేదేంది చాచా? నేను మీలాంటోళ్ళ కోసమే ఊళ్ళన్ని తిరిగితి."

"నువ్వు చర్చోళ్ళ ఇండ్లన్ని తిరిగితివి బేటీ. మా గల్లీకి రాలే," అన్నాడు జాఫర్ నవ్వుతూ. "మా తాన గీ సాక్ష్యం గీక్ష్యం లేదు. ఇంటికొచ్చినంక సలాం అన్నరు, ఖానా పెట్టిండ్రు, గంతే. ఎవలు అడగలే, నేను చెప్పలే. మీ మోషేనేమొ అందరు అడిగిండ్రు. ఆయినకు నిద్ర లేదు, నాకు లేదు. ఇద్దరం పొద్దున నాలుగ్గొట్టంగ గీడనె కలుస్తం."

ఎలిశిబా చాయ్ తాగి గ్లాసు కడిగి ఇచ్చింది.

పదకొండో రోజున లారీ కింది నుంచి మోషే గొంతు వినిపించింది. మాట మానేశాక అదే మొదటి మాట. బొంగురుగా ఉంది.

"ముందర లారీల ఉన్నోడు గూడ ప్రార్థన జేసే బండెక్కిండక్కా. నేను, వాడు కలిసే జేసినం. వాని దేవుడు వేరే ఉన్నడా?"

ఎలిశిబా బండి వైపు వంగింది.

"నన్ను కాపాడిండు అనంగనె అందరు హల్లెలూయా అంటరు. వాడు సచ్చినందుకు అంటున్నట్టె ఇనవడ్తది. ఎనిమిది ఊర్లల్ల అనిపిచ్చిన. ఇగ నాతోని కాదక్కా."

ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బండి కింద అతనూ ఏడ్చాడు. రోడ్డు అవతల జాఫర్ స్టవ్‌కు గాలి కొట్టడం ఆపేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండాలో నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. మడిచిన దుప్పటి దాని మీద ఉంది. ఎలిశిబా దాన్ని చూస్తూ నిలబడిపోయింది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన సాక్ష్యాన్ని మనసులో మళ్ళీ చదువుకుంది. నిద్ర ఇచ్చి దేవుడు నన్ను కాపాడిండు. నిద్రపోయి బతికిన మనిషి ఇరవై ఏళ్ళుగా పడుకుని నిద్రపోవడం లేదు! కూతురికి పట్టలేదు సరే, పెద్ద చదువు చదివిన పరిశోధకురాలికి ఏమైంది? వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. ఆ 'ఓహో' అన్నది ఇందుకన్నమాట.

అయినా ఆమె నాన్నను అడగలేదు. అడిగితే ఆయన సాక్ష్యమే చెబుతాడని తెలుసు. బెంగుళూరు ప్రొఫెసరుకు మాత్రం ఉత్తరం రాసింది: 'నేను తేల్చినది తప్పు. "ద" బాగుపడలేదు. ఆయన మా నాన్న.' వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. అందులో ఒక్కటే వాక్యం: 'ఇప్పుడు మొదలుపెట్టు.'

అప్పుడు మొదలయ్యాయి గురువారాలు. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి గుడ్డల గదిలో పాత సిపాయిలు కూర్చునేవాళ్ళు. మొదట ముగ్గురే, మోషే, జాఫర్, చైనా యుద్ధంలో కాలి వేళ్ళు మంచుకు పోగొట్టుకున్న మదన్ మోహన్. అక్కడి పద్ధతి ఎలిశిబా, జాఫర్ కలిసి పెట్టారు. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు, ఎక్కడైనా ఆపవచ్చు. 'కాపాడిండు' దగ్గరికి రావాల్సిన పని లేదు. విన్నవాళ్ళు ఆమెన్ అనకూడదు, అయ్యో అనకూడదు, శాబాష్ అనకూడదు. చెప్పడం అయ్యాక జాఫర్ కెటిలు ఎత్తి చాయ్ పోస్తాడు, అంతే. నోరు తెరవని వాళ్ళకు కూడా అదే చాయ్.

మోషే ఆ ముందు లారీ వాడి గురించి ఒక్కొక్క వారం ఒక్కొక్కటి చెప్పాడు. వాడి పాడు పాటలు, వాడి చెల్లెలి పెళ్ళి, వాడు పప్పులో నిమ్మకాయ పిండుకునే తీరు. ఈస్టరు వచ్చింది, పోయింది. ఎర్రగడ్డ బస్సు ఎవరూ ఎక్కలేదు. యేసమ్మ ఒక గురువారం పెద్ద గిన్నెలో గారెలు తెచ్చి గుమ్మం దాటి లోపలికి వచ్చి పెట్టింది. ఎలిశిబాకు అది ఎర్ర సిరా కంటే ఎక్కువ.

సంగతి పాకి మనుషులు పెరిగారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బస్సుల్లో, సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. ఎలిశిబా రాసుకుంది, కానీ గదిలో కాదు, వాళ్ళు వెళ్ళాక. అందరూ బాగుపడ్డారని ఆమె ఎప్పుడూ రాయలేదు. ఒకడు రావడం మానేశాడు, ఒకడు తాగుడు మానలేదు. కానీ చాలామంది నిమ్మళపడ్డారు. ఆమెకూ నిమ్మళంగానే ఉండేది. గురువారం పొద్దున లేస్తూనే ఏదో పండుగ ఉన్నట్టుండేది.

ఒక్క మంచం సంగతే మిగిలింది. సౌభాగ్యమ్మ మంచం మీద పక్కగుడ్డలు మారుస్తూనే ఉంది, కుర్చీ దుప్పటి ఉతుకుతూనే ఉంది. గురువారాల్లో మాత్రం ఒక వింత జరిగేది. పక్క గదిలో సీసాల చప్పుడు సరిగ్గా రెండింటికి ఆగిపోయేది. మూడున్నరకు మళ్ళీ మొదలయ్యేది. గోడలోని కిటికీ తలుపు జానెడు తెరిచి ఉండేది. ఎలిశిబా దాని వైపు చూసేది కాదు. రెండేళ్ళు చూడలేదు. ఎదురుచూడడం కూడా ఆమె విద్యలో భాగమే, బెంగుళూరు వాళ్ళు దానికి మార్కులు వేయకపోయినా.

1968లో దావీదుకు అరవై నిండాయి. డ్యూటీ దిగే ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక, అక్కడ ఆయన సాక్ష్యం. ఊరంతా ఎదురుచూస్తోంది. ఆ ముందు గురువారం రెండింటికి సీసాల చప్పుడు ఆగింది. ఈసారి కిటికీ కాదు, తలుపు తెరుచుకుంది. దావీదు తెల్లకోటుతోనే లోపలికి వచ్చాడు. బల్ల చివర కూర్చుని కళ్ళద్దాలు తీశాడు. తుడవలేదు, చేతిలో పట్టుకున్నాడు.

"ఆదివారం చెప్పాలె గద. ఒకసారి గీడ చెప్పి సూసుకుంట," అన్నాడు.

ఎలిశిబా పెదాలు కదలకుండా పళ్ళ కింద నొక్కిపట్టింది.

"నిలవడి నిలవడి కాళ్ళు మొద్దువారినయ్," అని ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "గాయమైన పిలగానికి మందు ఎక్కుతున్నది. సీసా ఎత్తి పట్టుకొని నిలవడాలె. గది నా డ్యూటీ." ఆగాడు. ఈ సీసా సాక్ష్యంలో ఎప్పుడూ లేదు. "ఎల్లం అని శంకరంపేట పిలగాడు, గాయమైనోళ్ళను మోసుకొస్తుండె. వాడు గూడ రెండు దినాల సంది పండుకోలే. వాన్ని పిలిచిన. జర సీసా పట్టుకోరా, పావుగంట పండుకుంట అన్న. పావుగంటేందన్నా, అద్దగంట పండుకో, నేనున్న గద అన్నడు. వాని చేతుల పెట్టి పోయిన. డేరా ఎనుక నేల మీద గిట్ల కాళ్ళు సాపిన. గంత తియ్యటి నిద్ర ఎన్నడు పోలే."

మోషే వినపడే చెవిని ఆయన వైపు తిప్పాడు.

"లేసి సూస్తె డేరా లేదు. ఇద్దరు లేరు. సీసా మాత్రం పగల్లే."

ఆయన కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు. "నెలకోసారి శంకరంపేటల కండ్లమందు ఇచ్చొస్త గద కమలమ్మకు. వాన్ని కన్న అవ్వ. గంతే."

గంతే అన్నాక ఇంకేమీ లేదు. 'కాపాడిండు' రాలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎలిశిబా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. నెలనెలా నాన్న సైకిలు మీద శంకరంపేట పోతుంటే, ముసలివాళ్ళంటే ఎంత జాలి మా నాన్నకు అని మురిసిపోయిన రోజులు గుర్తొచ్చాయి.

జాఫర్ లేచి చాయ్ పోశాడు. దావీదు అందుకోలేదు. జాఫర్ గ్లాసు పక్కన పెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కంపౌండర్ సాబ్, అలిసిపోయిండ్రు. జర గీ బల్ల మీద నడుం వాల్చుండ్రి. మేమందరం ఉన్నం గద. పావుగంటకు నేను లేపుత."

దావీదు అతని ముఖంలోకి చూశాడు. మోషే వైపు, మదన్ మోహన్ వైపు చూశాడు. "పావుగంటే," అన్నాడు.

"పావుగంటే సాబ్."

దావీదు ముందు ఒక చెయ్యి ఆనించాడు, తర్వాత మోచెయ్యి, తర్వాత తల. కాళ్ళు చాలాసేపు కిందికే వేలాడాయి. మోషే వచ్చి చెప్పులు తీసి, ఒక్కొక్క కాలూ ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత కాసేపటికే గురక వినిపించింది. నాన్న గురక ఎలా ఉంటుందో ఎలిశిబాకు అంతవరకు తెలియదు.

పావుగంట అయింది. జాఫర్ లేపలేదు. మూడున్నర అయింది, మనుషులెవరూ లేవలేదు. నర్సు మార్తమ్మ మందుల కోసం వచ్చి చూసి, చప్పుడు చేయకుండా పోయి సౌభాగ్యమ్మకు కబురు పెట్టింది. ఆమె చేతికి అంటిన పిండితోనే పరుగెత్తుకుంటూ వచ్చింది, ఏమైందో ఏమోనని. గుమ్మంలో ఆగిపోయింది.

"ఎంతసేపాయె?" అని గుసగుసగా అడిగింది.

"గంటన్నర అమ్మా. లేపాల్నా?" అన్నాడు జాఫర్.

"లేపకుండ్రి. ఇరవై రెండేండ్లు ఆగిన, ఇంకో గంట ఆగలేనా?" అని గుమ్మంలోనే కూర్చుంది. కూతురి వైపు చూసింది. ఈసారి ఓహో అనలేదు. పిండి చేత్తోనే కూతురి చెంప తడిమింది.

ఎండ బల్ల మీది నుంచి జరిగి గోడ మీదికి పోయింది. బస్సుకు పోవాల్సినవాళ్ళు బస్సు వదులుకున్నారు. చివరికి దావీదు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్ళద్దాల కోసం కూడా వెతుక్కోకుండా గదంతా కలయచూశాడు.

"అందరున్నరా?"

"అందరం ఈడనె ఉన్నం సాబ్," అన్నాడు జాఫర్. "చాయే చల్లగైంది."

దావీదు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. ఒక్కొక్కరూ పలికారు. మోషే రెండుసార్లు పలికాడు, ఒకటి తనకు, ఒకటి ముందు లారీ వాడికి. అప్పుడు గుమ్మంలో కూర్చున్న సౌభాగ్యమ్మ కనపడింది.

"దమ్మొచ్చిందా?" అని అడిగింది ఆమె.

దావీదు గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నిజంగానే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి చూసుకున్నాడు.

"రాలే," అన్నాడు.